తెర లేని ఫిరంగి

సూజౌ, 3 నవంబర్ 2024

కాకా,

నీ ప్రెస్సు ఎట్లా ఉంది, నీ దగ్గు ఎట్లా ఉంది? ప్రెస్సు సంగతే ముందు అడిగాను, ఎందుకంటే దానికే ముందు జవాబిస్తావు.

పోయిన ఆదివారం ఆఫీసు ఫోన్ నుంచి మూడుసార్లు చేశాను. మొదటిసారి నువ్వు స్నానానికి పోయావంది చిన్నమ్మ. రెండోసారి పడుకున్నావంది. మూడోసారి నీ దగ్గు వెనకాల వినిపిస్తూనే ఉంది, అయినా "బయటికి పోయిండు బిడ్డా" అంది. చిన్నమ్మకు అబద్ధమాడటం రాదు. గొంతు సన్నబడిపోతుంది.

చైనా వద్దన్నావు, నేను వచ్చాను. ఆ కోపమేనా? ఐదు నెలలు కాకా, అంతే. నువ్వు ఇరవై రెండేళ్లుగా ప్రెస్సు తొక్కుతున్నావు. రేకును కోసే ఆ ప్రెస్సులో కూర్చునే డైని, అదే ఇనుప అచ్చును, గీయడం నేర్చుకోవడానికే వచ్చాను. మన ఇంట్లో బడి లోపలికి పోయినదాన్ని నేనే మొదట. యూనియన్ రాత్రి బడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలతో నా పాలిటెక్నిక్ ఫారం నింపింది నువ్వు. నువ్వు మాట్లాడకపోతే నాకు ఇక్కడ అన్నం సహించడం లేదు.

వాట్సాప్ ఇక్కడ నడవదు. అందుకే ఈ ఉత్తరం శ్యామలమ్మ గారి జిరాక్స్ షాపు మెయిల్‌కు పంపుతున్నాను. నువ్వు కాగితం మీద రాసి ఇస్తే ఆమె స్కాన్ చేసి పంపుతుంది.

ఇక్కడ చెన్ మాస్టర్ అని ఒక ముసలి ఫిట్టర్ ఉన్నాడు. మధ్యాహ్నం బెల్లు మోగగానే డబ్బా తిరగేసి దాని మీద బోర్డు పరుస్తాడు. చదరంగం మా దేశానిదే అని గొప్పగా చెప్పబోయాను. ఆయన నవ్వి కూర్చోమన్నాడు. కాకా, ఇది మన ఆట కాదు. మన ఆటకు దాయాది. నిలువు గీతలు తొమ్మిది, అడ్డం గీతలు పది. పావులు గడుల్లో కాదు, గీతలు కలిసేచోట నిలబడతాయి. బోర్డు మధ్యలో నది. మంత్రి అసలే లేడు. నీ ప్రాణమైన ఏనుగు ఇక్కడ నది దాటదు, ఇంటి కాపలాకే. మన ఏనుగు పని ఇక్కడ రథం చేస్తుంది. రాజు ఒక చిన్న కోటలో ఉంటాడు, చెరో పక్కన ఒక కాపలావాడితో. తొమ్మిది కూడళ్లు, వాటిని దాటి బయట కాలు పెట్టకూడదు. మన రాజులాగా మూలకు పారిపోయి బంట్ల వెనక దాక్కోవడం కుదరదు.

బొమ్మ వేసి పంపుతున్నాను. ఉత్తరానికి ఒక ఎత్తు చొప్పున ఆడదామా? మొదటి ఎత్తు నాది. నా ఫిరంగి మధ్య గీత మీదికి వచ్చింది. ఫిరంగి అంటే ఏంటో తర్వాత చెప్తాను. ముందు కోపం పోయిందో లేదో రాయి.

గౌతమి


నాచారం, 12 నవంబర్ 2024

బిడ్డా గౌతమీ,

కోపం లేదు, ఏం లేదు. ఫోన్ల మాట్లాడుడు నాతోని అయితలేదు, అంతే. కాయితం రాయి. కాయితమైతే రెండు సార్లు సదువుకోవచ్చు.

ప్రెస్సు మంచిగనే ఉన్నది. ఉప్పలయ్య మామ నెలాఖరుకు దిగిపోతున్నడు. పద్దెనిమిదేండ్లు ఆయన ప్రెస్సు ఎనక, నేను ముంగట. ఆయన రేకు పెడ్తడు, చెయ్యి ఎనకకు తీస్తడు, నేను పెడల్ తొక్కుత. ఇద్దరి నడుమ ఒక్కనాడు తేడా రాలే. ఆయన జాగల సురేష్ అని వస్తుండట. పోచారం దిక్కు ఏడనో చేసిండట. ఇద్దరు పిల్లల తండ్రి. మంచోడే గావచ్చు. నాకు జర గుబులుగనే ఉన్నది.

ఆట బోర్డు అట్ట మీద గీసిన. పావులకు ప్రెస్సు కింద పడే గుండ్రటి తునకలు ఏరుకొచ్చి మార్కర్‌తోని పేర్లు రాసిన. మీ చిన్నమ్మ దుర్గమ్మ సూసి, "డ్యూటీల చాలలేదా, ఇనుము ఇంటికి గూడ తెచ్చినవ్" అన్నది. శ్యామలమ్మ నీ బొమ్మ అచ్చు తీసి, "ఏందన్నా, మిలిటరీ మ్యాపా?" అని కాయితం మీద రాసి మరీ అడిగింది.

మంత్రి లేని ఆట ఏం ఆట బిడ్డా. ఏనుగును ఇంట్ల కట్టేసుడేంది. సరే, నా పద్ధతి నీకెరికే గదా. తొందర లేదు. ముందు గోడ, ఎనక ఆట. ఎడమ దిక్కు నుంచి రెండో బంటు ఒక అడుగు ముంగటికి.

బాలరాజు


సూజౌ, 19 నవంబర్ 2024

కాకా,

నీ అక్షరాలు చూసి హాస్టల్ మెట్ల మీద కూర్చుని రెండుసార్లు చదివాను. కోపం లేదన్నావు. నమ్ముతున్నాను, సగం.

నీ బంటును చూసి చెన్ మాస్టర్ తల ఊపాడు. "మీ కాక మీ ఆట ఆడుతున్నాడు, మా ఆట కాదు" అన్నాడు. మన దగ్గర మొదటి పది ఎత్తులు ఇల్లు సర్దుకోవడమే కదా. మధ్యలో బంట్లు పెట్టి, రాజును మూలకు పంపి, ముందు మూడు బంట్ల గోడ కట్టి, ఆ తర్వాత మాట్లాడతాం. ఇక్కడ బంట్లు ఐదే. వాటి మధ్య ఖాళీలు. గోడ కట్టడానికి ఇటుకలే లేవు. బంటు చివరిదాకా పోయినా మంత్రి అవదు, బంటుగానే మిగులుతుంది. అందుకే వీళ్లు దేన్నీ దాచుకోరు. ముందుగా మీద పడితే ఎదుటివాడు ఊపిరి తీసుకోలేడు. ఆ ఊపు కోసం గుర్రాన్ని కూడా వదిలేస్తారు.

ఇక ఫిరంగి. నడిచేటప్పుడు మన ఏనుగులాగే తిన్నగా నడుస్తుంది. కానీ దేన్నైనా కొట్టాలంటే మధ్యలో సరిగ్గా ఒకడు ఉండాలి, వాడి మీదుగా దూకి కొడుతుంది. మనవాడైనా సరే, పరాయివాడైనా సరే. వాణ్ణి తెర అంటారు. చూసేవాళ్లు ఫిరంగిని చూస్తారు, పని నడిపేది తెర. తెర పక్కకు తప్పుకుంటే ఫిరంగి ఉత్త గొట్టం. ఎదుటివాడి బలం తెలియాలంటే ముందు వాడి తెర ఎవరో చూడు అంటాడు చెన్ మాస్టర్.

ఇది విన్నప్పుడు నువ్వూ, నీ వెనక నిలబడే ఉప్పలయ్య మామే గుర్తొచ్చారు. ఆయన దిగిపోతే నీ ఫిరంగి ఏమవుతుందో మరి.

నా ఎత్తు చూడు. నా మధ్య బంటు మీదుగా దూకి నా ఫిరంగి నీ మధ్య బంటును కొట్టేసింది. ఇప్పుడు దానికీ నీ రాజుకూ మధ్య ఏమీ లేదు. నీ రాజుకు ఇప్పటికిప్పుడు దెబ్బ లేదు, ఎందుకంటే నాకు తెర లేదు. కానీ నువ్వు ఏది అడ్డం పెట్టినా అదే నాకు తెర అవుతుంది. కాపలాకు పెట్టినవాడే రాజును చంపిస్తాడు. బాగా ఆలోచించి రాయి.

గౌతమి


నాచారం, 25 నవంబర్ 2024

గౌతమీ,

నీకు ఎవరు చెప్పిన్రు?

దుర్గమ్మ చెప్పిందా? అడిగితే నాకేం తెల్వదన్నది. ఇంత దూరం పోయి కూడా ఇంటి ముచ్చట్లు మోసేటోళ్లను పెట్టుకున్నవా అని గట్టిగనే అన్న. రెండు దినాల సంది ఇంట్ల మాటలు లేవు. ఉప్పలయ్యను అడిగిన. "నీ బిడ్డతోని నేనెప్పుడు మాట్లాడిన్రా" అని ఒట్టు పెట్టుకున్నడు.

సదువుకున్నదానివి, సక్కగ అడగవచ్చు. ఆట పేరు జెప్పి, ఫిరంగి పేరు జెప్పి, ఉత్త గొట్టమని నన్ను దెప్పుడేంది? ఉప్పలయ్య లేకుంటే బాలరాజు ఏంది అని నువ్వు అడగాల్నా? నా ప్రెస్సు మీద నా పేరు పెయింట్‌తోని రాసి ఉన్నది. ఇరవై రెండేండ్లల్ల ఒక్కని వేలు తెగలే.

ఎత్తు రాస్తలేను. ఆడబుద్ధి అయితలేదు.

బాలరాజు


సూజౌ, 2 డిసెంబర్ 2024

కాకా,

నీ ఉత్తరం చదివి ముందు నాకేమీ అర్థం కాలేదు. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఉప్పలయ్య మామ గురించి రాసింది మీ క్యాంటీన్ చదరంగం మాట. నువ్వు ఆడేటప్పుడు ఆయన నీ వెనక నిలబడి గొణుగుతాడు కదా, దాన్ని ఎగతాళి చేశాను. చిన్నమ్మను అనవసరంగా అన్నావు. ముందు ఆమెతో మాట్లాడు.

కానీ నాకు తెలియని విషయం ఒకటి ఉందని ఇప్పుడు తెలిసింది. రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. ఫోన్ ఎప్పుడూ చిన్నమ్మే ఎత్తుతుంది. శ్యామలమ్మ గారు నిన్ను నోటితో అడగకుండా కాగితం మీద రాసి అడిగింది. పోయిన దసరాకు ఉప్పల్ రింగు రోడ్డు మీద లారీ హారన్ కొడుతుంటే నువ్వు తిరిగి చూడలేదు. నేను చెయ్యి పట్టి లాగితే, "ఏందే తొందర" అన్నావు. నేను "చెక్" అన్నప్పుడు కూడా నువ్వు నా నోటి వైపే చూస్తావు, బోర్డు వైపు కాదు.

కాకా, నీకు వినబడటం లేదా?

అదే అయితే నాకు నీ చెవుల గురించి బెంగ తర్వాత. ముందు ఆ ప్రెస్సు. నువ్వు తొక్కితే అరవై టన్నుల బరువు దిగుతుంది. వెనకున్నవాడు "ఆగు" అంటే నీకు ఎట్లా తెలుస్తుంది? ఇన్నాళ్లూ ఎట్లా తెలిసింది?

ఇది ఎగతాళి కాదు, దెప్పడం కాదు. సూటిగా అడుగుతున్నాను. సూటిగా రాయి.

నీ గౌతమి


నాచారం, 10 డిసెంబర్ 2024

బిడ్డా,

సూటిగనే రాస్త. ఈ కాయితం శ్యామలమ్మ సదవకుండ నేనే మిషన్ల పెట్టిన.

నాలుగేండ్ల సంది ఇనవడ్తలేదు. ముందు ఎడమ చెవి, తర్వాత కుడిది. కుడి దిక్కు నుంచి గట్టిగ అంటే జర తెలుస్తది. ప్రెస్సు షాపుల ఇన్నేండ్లు పనిజేసినోళ్లకు అందరికీ గింతో గంతో ఉంటది. నాకు ఎక్కువైంది.

ఉప్పలయ్యకు మొదట్లనే తెలిసింది. ఎవలికీ చెప్పలే. చెయ్యి తీసినంక కేకేసుడు బంద్ జేసి తల ఊపుడు షురూ జేసిండు. నేను ఆయన తల సూసి తొక్కుత. సాలుకొకసారి చెవుల పరీక్ష బండి గేటు కాడికి వస్తది. అద్దాల డబ్బాల కూసుండవెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలిచ్చి, సప్పుడు ఇనవడితే చెయ్యి లేపమంటరు. నర్సమ్మ మీట నొక్కినప్పుడల్ల ఆమె ఎనక నిలవడి ఉప్పలయ్య మీసం సవరిస్తడు. నేను చెయ్యి లేపుత. మూడు సార్లు గట్లనే పాసైన. నువ్వు రాసిన తెర గదే. అందుకే నాకు గంత మంటెక్కింది.

మొన్నటి సంది సురేష్ ఎనకున్నడు. షాపుల సప్పుడు జాస్తి, నోటితోని గాదు, తల ఊపు అని జెప్పిన. సరే అన్నడు. నడుస్తున్నది.

పరీక్ష జనవరి ఆరు నాడు. ఉప్పలయ్య రిటైరైనా వస్తనన్నడు. ఏదో కాయితం పని ఉన్నదని గేటు కాడ చెప్తడట.

ప్రెస్సు మీది నుంచి తీసేస్తే ఏం జేస్తరో ఎరికేనా? మా షాపు నర్సింగరావును గట్లనే తీసి ఊడ్వ పెట్టిన్రు. గా బతుకు నాకొద్దు. రిటైరయ్యేదాక ఇంకో ఏడేండ్లు. కదలకుంట మూలకు కూసుంటే ఎవ్వలు ఏం జెయ్యలేరు. నీకు నేర్పిన ఆటల గదే గదా మతలబు. ఓడేటట్టున్నప్పుడు ఎత్తు లేని కాడికి పోయి కూసోవాలె. అప్పుడు ఆట సమానం.

ఎవ్వలికీ చెప్పకు. నా మీద ఒట్టు.

బాలరాజు


సూజౌ, 16 డిసెంబర్ 2024

కాకా,

నీ ఒట్టు నేను వేయలేదు. నువ్వు వేశావు.

నీ ఆట నాకు బాగా తెలుసు. క్యాంటీన్‌లో నిన్ను ఓడించినవాళ్లు తక్కువ, నువ్వు గెలిచిందీ తక్కువే. మంత్రి పోయి, ఏనుగులు పోయి, ఒక్క రాజు మూలన మిగిలినా నువ్వు కదలడానికి చోటు లేకుండా చేసుకుని, "ఇగ ఎత్తు లేదు, సమానం" అని లేచి టీ తాగేవాడివి. చిన్నప్పుడు నాకది పెద్ద తెలివిగా కనిపించేది.

నిన్న చెన్ మాస్టర్‌తో ఆడుతూ నేనూ అదే చేశాను. ఓడిపోతున్నాను. నా బంటు దారి మూసుకుపోయింది, రాజు ఏ కూడలికి జరిగినా దెబ్బే, ఉన్నచోట మాత్రం దెబ్బ లేదు. లేచి చెయ్యి చాచాను, సమానం అని. ఆయన చెయ్యి కలపలేదు. పావులు డబ్బాలో వేయడం మొదలుపెట్టాడు. ఇక్కడ ఎత్తు లేనివాడు ఓడిపోయినట్టే కాకా. ఊరికే రాజుకు దెబ్బ మీద దెబ్బ చూపిస్తూ ఆట సాగదీసుకోవడం మన దగ్గర సమానం, ఇక్కడ అట్లా చేసినవాడే ఓడిపోతాడు. నాకు కోపం వచ్చింది. ఇదేం రూలు అన్నాను. "మూలన చిక్కుకున్నది నువ్వే కదా, మరి నేనెందుకు సగం ఇవ్వాలి?" అన్నాడు.

నీ మూలలో నువ్వు ఒక్కడివే లేవు. సురేష్ చేతులున్నాయి. ఆయనకు అసలు విషయం తెలియదు. షాపులో చప్పుడు ఎక్కువని నువ్వు చెప్పిన మాట నమ్మి తల ఊపుతున్నాడు. ఉప్పలయ్య మామ అన్నీ తెలిసి నీకు తెర అయ్యాడు. సురేష్‌ను అడగకుండానే తెర చేశావు.

పరీక్ష దాకా ఆగొద్దు. రేపే మీ షాపు ఇన్‌ఛార్జి ధీరజ్ సారుకు చెప్పు. డైల పని మీద ఆయనతో నేను మాట్లాడాను, మాట వినే మనిషే.

గౌతమి


నాచారం, 24 డిసెంబర్ 2024

గౌతమీ,

నిన్న పొద్దుగాల పదింటికి. రేకు డై కింద ఇరికింది. సురేష్ వంగి గుంజుతున్నడు. వంగినప్పుడు ఆయన తల కిందికి వొయింది. ఊపిండనుకున్న. తొక్కిన.

చేతి తొడుగు పోయింది. చెయ్యి బయటికొచ్చింది. ఒక్క గోరు నల్లగైంది, అంతే. సురేష్ కూలవడ్డడు. అందరు ఉరికొచ్చిన్రు. నేనే తొందరపడ్డనని సురేష్ ఎవ్వలితోని అనలే. "రేకు జారింది సార్" అన్నడట ధీరజ్ సారుతోని. నన్ను గాపాడనీకె.

రాత్రి సంది ఆ తొడుగే కండ్లల్ల మెదులుతున్నది. ఐదు వేళ్లు సాఫ్‌గ ఒత్తుకపోయినయ్.

ఇంకా పదమూడు దినాలు. జాగ్రత్తగ తొక్కుత. పరీక్ష అయిపోతే వేరే షిఫ్టు అడుగుత.

బాలరాజు


సూజౌ, 26 డిసెంబర్ 2024

కాకా,

ధీరజ్ సారుకు మెయిల్ రాసి పెట్టాను. నీ పేరు, నాలుగేళ్లు, పరీక్షలు, తొడుగు, అన్నీ ఉన్నాయి. పంపలేదు. ఉప్పలయ్య మామ పేరు రాయలేదు.

రేపటి నుంచి నువ్వు సెలవు పెట్టు. దగ్గు అని చెప్పు, ఏదైనా చెప్పు, పెడల్ మీద కాలు పెట్టొద్దు. పెట్టావని చిన్నమ్మ చెప్పిన మరుక్షణం ఇది పోతుంది. లేదంటే ఆరో తారీఖు సాయంత్రం దాకా ఆగుతాను. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. నన్ను బిడ్డా అని మళ్లీ పిలవవని తెలుసు. సురేష్ పిల్లలు ఆయన్ను రెండు చేతులతో ఎత్తుకోమంటారు. నేను ఆ రెండూ లెక్కపెట్టుకుంటున్నాను.

నాకు ఆట నేర్పింది నువ్వే. ఇప్పుడు నీకు ఎదురుగా కూర్చోవలసి వచ్చింది. అయినా ఎత్తు వేసేశాను.

గౌతమి


నాచారం, 8 జనవరి 2025

బిడ్డా గౌతమీ,

పది దినాలు సెలవు పెట్టిన. నీ మెయిలుకు బుగులు పట్టి గాదు. తొడుగుకు బుగులు పట్టి. నువ్వు పంపినవో లేదో ఇప్పటికీ తెల్వదు. ధీరజ్ సారు మొఖం జూస్తే ఏం తెలుస్తలేదు. నేను గూడ అడగలే.

సోమవారం పరీక్ష బండి వచ్చింది. ఉప్పలయ్య ఉప్పల్ నుంచి పొద్దుగాలనే వచ్చిండు. ఇస్త్రీ అంగి, మీసాలకు నూనె. నన్ను సూసి కన్ను గొట్టిండు. నా వంతు వచ్చింది. అద్దాల డబ్బాల కూసున్న. నర్సమ్మ చెవులకు తగిలిచ్చి తలుపేసింది. అద్దంల నుంచి సూస్తే ఆమె, ఆమె ఎనక ఉప్పలయ్య. మీసం మీదికి చెయ్యి పోనే పోయింది.

నేను లేసి కుర్చీ తిప్పుకున్న. గోడ దిక్కు మొఖం పెట్టి కూసున్న. గోడకు నల్ల స్పాంజి ఉన్నది, దానికి బొక్కలు. గవే సూసుకుంట కూసున్న. రెండు చేతులు తొడల మీద పెట్టుకున్న. ఎంతసేపు కూసున్ననో తెల్వదు. ఒక్క సప్పుడు రాలే బిడ్డా. ఇటు తిరుగుమని ఆమె అద్దం కొట్టిందట. అది గూడ నాకు తెల్వలే. తలుపు తీసి భుజం తట్టితే లేసిన.

బయటికొచ్చినంక ఉప్పలయ్య కాయితం గుంజుకొని రాసిండు. "మీసాలకు నూనె వెట్టుకొచ్చింది దండుగ జేసినవ్ గదరా." కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. ఆయనకు గూడ బరువు దిగినట్టున్నది.

ధీరజ్ సారు కాడికి నేనే పోయిన. తొడుగు సంగతి చెప్పిన. ఎన్కటి పరీక్షలు కూడ దొంగతనంగ పాసైనని చెప్పిన, ఎట్ల అనేది చెప్పలే. ఆయన ప్రెస్సు మీద నా పేరు తుడిపిచ్చిండు. నేను నిలవడి సూసిన. కిరసనాయిల్ గుడ్డతోని రెండు సార్లు తుడిస్తే పోయింది, ఇరవై రెండేండ్లు. నన్ను చెకింగ్ టేబుల్ కాడ పెట్టిన్రు. రేకు బిళ్లలు కొలుసుడు. నెల దినాలు సూస్తమన్నరు. తర్వాత ఉంచుతరో, ఊడ్వమంటరో తెల్వదు. ఊడ్వమంటే ఊడుస్త.

సురేష్‌కు చెప్పుడే కష్టమైంది. ఇన్నడు. ఏమో అన్నడు, నాకు ఇనవడలే. ఎనకకు తిరిగి పోయిండు. ఈరోజు టీ బెల్లు కొట్టినంక వచ్చి, నా టేబుల్ మీద రెండు చేతులు పరిసి పెట్టి నిలవడ్డడు. పది వేళ్లు సూసిన. ఒక గోరు నల్లగుంది. ఇద్దరం టీ తాగినం.

దుర్గమ్మకు రాత్రి చెప్పిన. రొట్టె చేసుడు ఆపకుంటనే నా కుడి చెవి కాడికి వంగి గట్టిగ అన్నది. "నాలుగేండ్ల సంది నీ కుడి దిక్కే ఎందుకు కూసుంటున్న అనుకున్నవ్?"

ఇగ ఆట సంగతి. నెలన్నర సంది బోర్డు అట్లనే ఉన్నది, దుర్గమ్మ దాని సుట్టూ ఊడుస్తున్నది. ఏనుగును అడ్డం పెడదామంటే అదే నీకు తెర. కాపలోన్ని పెడితే వాడే తెర. పక్కలకు పోదామంటే నా కాపలోళ్లే అడ్డమున్నరు. దినాం సూసిన. రాజు తానే లేవాలె, వేరే తొవ్వ లేదు. నా రాజు ఒక అడుగు ముంగటికొచ్చిండు. నీ చెన్ మాస్టర్‌ను అడుగు, ఇది మీ ఆటేనా అని.

ఆదివారం ఫోన్ చెయ్యి. నేను ఇంట్లనే ఉన్నని దుర్గమ్మ చెప్తది.

మీ కాక
బాలరాజు